తెల్లబడే క్రీములు: నాలుగు రకాల సరుకు, దాని వెనక లెక్క

మెడికల్ షాపుకు వెళ్లి "ముఖం తెల్లబడటానికి ఏదైనా క్రీము ఉందా" అని అడిగితే చేతికొచ్చే ట్యూబులన్నీ ఒక కోవకు చెందినవి కావు. ఒకటి మామూలు కాస్మెటిక్. రెండోది డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన స్టిరాయిడ్ మందు. ఫ్యాన్సీ షాపుల్లో, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో దొరికే మూడో రకంలో పాదరసం ఉండొచ్చు. నాలుగోది క్రీము కూడా కాదు, క్లినిక్‌లో నరానికి ఎక్కించే గ్లూటాథయోన్ ఇంజెక్షన్. కొనేవాళ్లు నాలుగూ ఒకే పని చేస్తాయనుకుంటారు. నిజానికి పని చేసే తీరూ, చేసే చెరుపూ దేనికదే వేరు.

ఈ సమీక్ష ఆ నాలుగింటి గురించి. ఈ సరుకుకు గిరాకీ ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పకపోతే మాత్రం అది సగం సమీక్షే అవుతుంది. రంగు తక్కువని మనిషికి పడే జరిమానా ఒకటుంది. పెళ్లిచూపుల్లో, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో, బడి స్టేజీ మీద దాన్ని కట్టిస్తారు. ఆ జరిమానా తప్పించుకోవాలని ఆశపడేవాళ్లే ఈ ట్యూబులు కొంటారు. తెల్లగా పుట్టినవాళ్లకు ఆ ఖర్చు లేదు, అసలు అలాంటి ఖర్చు ఒకటి ఉందని తెలియాల్సిన అవసరం కూడా లేదు.

మన మాటలు చూస్తే చాలు. ఛాయ ఉన్నవాణ్ని "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అంటాం. కొంచెం నలుపైతే మర్యాద కోసం "చామనఛాయ" అంటాం. "కలర్ కొంచెం తక్కువ" అన్నామంటే రంగుకు ఒక పూర్తి మార్కు ఉందనీ, ఆ మనిషికి అందులో కోత పడిందనీ అర్థం. మెచ్చుకునేటప్పుడు కూడా "నల్లగా ఉన్నా కళ గల ముఖం" అంటారు. ఆ "ఉన్నా"లోనే తీర్పంతా ఉంది. "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదార్చడానికి సామెత పుట్టింది. తెలుపుకు అలాంటి ఓదార్పు ఎవరూ కట్టలేదు, అవసరం రాలేదు కాబట్టి.

మొదటి రకం: కిరాణా కొట్లో దొరికే క్రీము

హిందుస్థాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీని 1975లో మార్కెట్లోకి తెచ్చింది. మగవాళ్ల కోసం ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ 2005లో వచ్చింది. ఫెయిర్ అండ్ లవ్లీ ప్యాకెట్‌తో చాలాకాలం పాటు షేడ్ కార్డు వచ్చేది. ముఖం పక్కన పెట్టుకుని రంగు ఎంత మారిందో చూసుకునే కొలబద్ద అది. ఆ కార్డునూ, పెట్టె మీది రెండు ముఖాల బొమ్మనూ 2019లో తీసేశారు. 2020 మే 25న అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు అధికారి చంపాక జాతివివక్ష మీద పెద్ద ఉద్యమం లేచింది. సరిగ్గా నెల తర్వాత, జూన్ 25న, పేరులోని "ఫెయిర్" తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. అలా గ్లో అండ్ లవ్లీ అయింది. అదే జూన్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ మన దేశంలోనూ ఆసియాలోనూ అమ్మే తెల్లబరిచే క్రీములు కొన్నింటిని ఆపేస్తామని చెప్పింది. షాదీ డాట్ కామ్ చర్మం రంగును బట్టి సంబంధాలు వెతికే ఫిల్టర్‌ను తీసేసింది, అదీ ప్రవాస భారతీయ మహిళలు పిటిషన్ పెట్టి అడిగితేనే.

పేరు మారడం చిన్న విషయం కాదు. ప్రతి వీధి కొట్టు ముందూ వేలాడిన ఒక మాట తొలగింది. దాని స్థానంలోకి "గ్లో", "బ్రైటెనింగ్", "రేడియన్స్", "డీ-ట్యాన్" వచ్చాయి. కొనేవాళ్లకు ఆ మాటల అర్థం బాగా తెలుసు.

ఇక పదార్థం సంగతి. ఈ రకం క్రీముల వెనక జాబితా చదివితే స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల వంటి కొవ్వు పదార్థాలు, గ్లిజరిన్, ఒకటో రెండో సన్‌స్క్రీన్ రసాయనాలు, టైటానియం డయాక్సైడ్, నియాసినమైడ్ కనిపిస్తాయి. రాసిన వెంటనే అద్దంలో కనిపించే మార్పు టైటానియం డయాక్సైడ్‌ది. అది తెల్లటి పొడి, గోడలకు వేసే తెల్ల పెయింటులోనూ అదే ఉంటుంది. చర్మం మీద పలచగా పరుచుకుని వెలుతురును వెనక్కి కొడుతుంది. ముఖం కడిగితే పోతుంది.

నియాసినమైడ్ నిజంగా పనిచేసే పదార్థమే, బి3 విటమిన్ రూపం. చర్మంలో మెలనోసైట్ అనే కణాలు రంగును చిన్న పొట్లాలుగా కట్టి పక్క కణాలకు పంపుతాయి. ఆ రవాణాను నియాసినమైడ్ కొంత తగ్గిస్తుంది. 2 నుంచి 5 శాతం మోతాదులో రోజూ రాస్తే, మొటిమలు మిగిల్చిన మచ్చలు, ఎండకు వచ్చిన ముదురు రంగు రెండు నెలల్లో కాస్త తగ్గొచ్చు. ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చాలా ట్యూబుల మీద నియాసినమైడ్ ఎంత శాతమో రాయరు. రాయనిదాన్ని కొనకపోవడం మేలు, ఎందుకంటే శాతం రాసి అమ్మే మామూలు సీరమ్‌లు బజారులో కావలసినన్ని ఉన్నాయి.

మరి ఎంతవరకు తెల్లబడొచ్చు? చర్మవైద్యులు వాడే కొలత ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతిని పైకెత్తి, చంకకు కింద, జబ్బ లోపలి వైపు చర్మం చూడండి. ఎండ దాదాపుగా తగలని చోటది. అక్కడున్నదే మీ పుట్టు రంగు. ముఖం, ముంజేతులు దానికంటే ఎంత ముదురుగా ఉన్నాయో ఆ తేడా వరకే ఏ మంచి క్రీమైనా, ఏ సన్‌స్క్రీన్ అయినా తగ్గించగలదు. ఆ గీత దాటించి తెల్లబరుస్తామన్నవాళ్లు అబద్ధమైనా చెబుతున్నారు, లేదా చర్మాన్ని దెబ్బతీసే మందైనా ఇస్తున్నారు. నల్లటివాళ్లకు మెలనోసైట్లు ఎక్కువని చాలామంది అనుకుంటారు. మనుషులందరికీ వాటి సంఖ్య దాదాపు సమానమే, తేడా అవి కట్టే పొట్లాల సైజులోనూ సర్దుబాటులోనూ ఉంటుంది. పైపూతతో ఆ నిర్మాణం మారదు.

పెట్టె మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తికి కొలత) 15 అని ఉంటే అదీ లెక్క వేసి చూడాలి. ఎస్‌పీఎఫ్‌ను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీము పూసి కొలుస్తారు. ముఖం, మెడ కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి 1.2 గ్రాములు కావాలి. అంటే 25 గ్రాముల ట్యూబు 20 సార్లకు అయిపోవాలి. శనగగింజంత రాసి నెలల తరబడి పొదుపుగా వాడే ట్యూబు ఎండను ఆపుతుందనుకోవడం భ్రమ.

నా లెక్కలో ఈ రకం క్రీము పెద్ద హాని చేయని, పెద్ద మేలూ చేయని సరుకు. అది చేసే అసలు చెరుపు ప్రకటనలో ఉంది. రంగు మారగానే ఉద్యోగం వచ్చినట్టు, పెళ్లి కుదిరినట్టు దశాబ్దాల పాటు టీవీలో చూపించారు. ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2014లో దీని మీద నియమాలు పెట్టింది. నల్లటివాళ్లను అందవిహీనులుగా, దిగులుతో ఉన్నట్టుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపకూడదు. రంగును కులానికి, వర్గానికి, మతానికి, వృత్తికి ముడిపెట్టకూడదు. కులం మాటను నియమంలో రాయాల్సి వచ్చిందంటే ముడి ఎంత గట్టిదో ఆలోచించండి. ఆస్కీ ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, కోర్టు కాదు.

జరిమానా వేసే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. 2013లో ఢిల్లీలో ఒకాయన 79 రూపాయలకు ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ కొన్నాడు. పెట్టె మీద చెప్పినట్టే వాడినా రంగు రాలేదని ఫిర్యాదు చేశాడు. ఫలితం రావాలంటే సరైన తిండి, వ్యాయామం లాంటివి కూడా ఉండాలని కంపెనీ వాదించింది. ఆ మాట పెట్టె మీద లేదు కదా అని జిల్లా కమిషన్ 2024 డిసెంబరులో కంపెనీకి దాదాపు 15 లక్షల రూపాయల జరిమానా వేసింది. అందులో ఎక్కువ భాగాన్ని వినియోగదారుల సంక్షేమ నిధికి జమచేయమంది. ఒక ట్యూబు, పదకొండేళ్లు. చిన్న మొత్తమని ఊరుకోనివాళ్లు ఉంటారని ఈ కేసు చూపించింది.

రెండో రకం: చీటీ లేకుండా చేతికొచ్చే స్టిరాయిడ్

నాలుగింటిలో ఎక్కువ ముఖాలను పాడుచేస్తున్నది ఇదే. దీని మీద అందరి కళ్లూ పడకపోవడానికి కారణం, ఇది చవగ్గా, సొంత ఊరి మెడికల్ షాపులో, పేరున్న కంపెనీల పెట్టెల్లో దొరకడం.

పెట్టె మీద ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టిరాయిడ్: బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూయోసినోలోన్, బెక్లోమెథసోన్. పేరు చివర "సోన్", "సోల్", "లోన్" అని వస్తే ఒకసారి అనుమానించండి. (కీటోకొనజోల్ లాంటి తామర మందుల్లో వచ్చే "జోల్" వేరు.) మంగు మచ్చలకు ఇచ్చే ముక్కూట మందు ఒకటుంది. మన దగ్గర ఎక్కువగా రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ 2 శాతం, ఎ విటమిన్ రూపమైన ట్రెటినాయిన్ 0.025 శాతం, స్టిరాయిడ్ అయిన మొమెటసోన్ 0.1 శాతం కలిపి అమ్ముతారు. చర్మవైద్యులు చూసి, రాత్రిపూట మాత్రమే, కొన్ని వారాలకు మించకుండా రాయించాల్సిన మందు. దాన్ని జనం ఏళ్ల తరబడి, పగలూ రాత్రీ, ఫేస్ క్రీములా వాడుతున్నారు. పెళ్లి కుదిరిన అమ్మాయికి పక్కింటివాళ్లు పేరు చెబుతారు, పార్లర్‌లో చిన్న డబ్బాలోకి తీసి ఇస్తారు, ఆర్‌ఎంపీ రాసిస్తాడు.

మొదటి వారంలో బాగా పనిచేసినట్టు కనిపించడమే దీనితో వచ్చే ప్రమాదం. స్టిరాయిడ్ తగలగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, చర్మం పాలిపోతుంది. ఈ పాలిపోవడాన్ని చూసే ఏ స్టిరాయిడ్ ఎంత బలమైనదో ప్రయోగశాలల్లో తేలుస్తారు. మొటిమల ఎరుపు, దురద, మంట అణిగిపోతాయి. ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. చూసినవాళ్లు "ఏం వాడుతున్నావ్" అని అడుగుతారు. అలా ఒక ట్యూబు పది ఇళ్లకు చేరుతుంది.

వాడుక నెలలు దాటేకొద్దీ పైచర్మం పలచబడుతుంది. బుగ్గల మీద ఎర్రటి దారాల్లా రక్తనాళాలు తేలతాయి. నూగు వెంట్రుకలు పెరుగుతాయి, గుంపుగా మొటిమలు వస్తాయి, నోటి చుట్టూ పొక్కులు లేస్తాయి. తామర ఉన్నచోట రాస్తే అది పైకి మానినట్టు కనిపించి లోపల పాకుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోవడంతో డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. కళ్ల దగ్గర చాలాకాలం రాస్తే కంటిలో ఒత్తిడి పెరిగి చూపును దెబ్బతీసే గ్లకోమా రావచ్చు. నల్లటి చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడదు కాబట్టి మన ముఖాల మీద ఈ నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. మంట, బిగుతు, ఎండలోకి వెళితే చురచుర అనడం, ఇవి ఎరుపు కంటే ముందే వచ్చే గుర్తులు. భారతీయ చర్మవైద్యులు ఈ స్థితికి 2008లో "టాపికల్ స్టిరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" (పైపూత స్టిరాయిడ్‌తో పాడైన ముఖం) అని పేరు పెట్టారు. పేరు పెట్టాల్సినన్ని కేసులు మన దేశంలోనే రావడం గమనించాలి.

హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి రాస్తే ఇంకో ఆపద ఉంది. చర్మం నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది, మళ్లీ పోవడం దాదాపు అసాధ్యం. నలుపు పోగొట్టుకోవాలని మొదలుపెట్టిన మందే మాసిపోని నలుపును తెస్తుంది. ట్రెటినాయిన్ గర్భిణులు వాడకూడదు. పెళ్లికి ముందు మొదలై పెళ్లయ్యాక కూడా కొనసాగే వాడుకలో ఈ విషయం ఎవరూ చెప్పరు.

ఆపడం ఎలా? ఒక్కసారిగా మానేస్తే చాలామందికి కొన్ని రోజుల్లోనే ముఖం ఎర్రబడి, మండి, మొటిమలు విరగబడి వస్తాయి. భయపడి మళ్లీ ట్యూబు పట్టుకుంటారు, గంటల్లో నెమ్మదిస్తుంది. "ఈ క్రీము లేకపోతే నా ముఖం ఉండదు" అన్న నమ్మకం అక్కడ పుడుతుంది. కాబట్టి ట్యూబు చేతపట్టుకునే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి. ఎంత బలమైనది, ఎన్నాళ్లు వాడారు అన్నదాన్ని బట్టి తక్కువ బలమున్నదానికి దించుతూ, రోజు మార్చి రోజుకు తగ్గిస్తూ మాన్పిస్తారు, అవసరమైతే స్టిరాయిడ్ కాని మందు ఇస్తారు. ఆ కాలంలో ముఖానికి కావలసింది వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, మామూలు నీళ్లు. స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్, నిమ్మరసం, ఆవిరి పట్టడం ఏదీ వద్దు. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పడుతుంది, ఆ మాట ముందే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. లేకపోతే మధ్యలో "మళ్లీ నల్లబడ్డావేంటి" అన్న ఒక్క మాట మానుతున్నవాళ్లను మళ్లీ ట్యూబు వైపు తోస్తుంది.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పెట్టె మీద ఆర్ఎక్స్ గుర్తు, ఆ హెచ్చరిక ఉంటాయి. అవి ఉన్న ట్యూబును షాపతను చీటీ అడగకుండా ఇస్తే అది కొనేవాళ్లకు చేసిన సాయం కాదు, నిబంధన ఉల్లంఘన. వికటిస్తే 1800 180 3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నంబరది, డాక్టరే చేయాలని లేదు, రోగులూ చేయొచ్చు. ఫోన్ చేసే ముందు పెట్టె మీది బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు, వాడిన కాలం దగ్గర పెట్టుకోండి.

మూడో రకం: ఊరూ పేరూ లేని డబ్బా

విదేశాల నుంచి తెచ్చామని చెప్పి ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, ఫ్యాన్సీ షాపుల్లోనూ అమ్మే చిన్న గుండ్రటి డబ్బాల్లో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. రంగును తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైము పనిని అది ఆపుతుంది, కాబట్టి తెల్లబడటం నిజమే. చర్మం గుండా రక్తంలోకి, మూత్రపిండాలలోకి వెళ్లడం కూడా నిజమే.

కేరళలోని మలప్పురం జిల్లాలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు అక్కడి వైద్యులు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల జబ్బు ఉన్న 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందిలో నెల్-1 అనే అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నవాళ్లే. క్రీము ఆపాక చాలామంది కోలుకున్నారు. పాదాలు, కళ్ల చుట్టూ వాపు, నురగతో కూడిన మూత్రం వస్తుంటే డాక్టరుతో క్రీము సంగతి కూడా చెప్పాలి. జబ్బుకు సంబంధం లేదనుకుని చాలామంది ఆ మాట ఎత్తరు. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చిరాకు కూడా పాదరసం గుర్తులే. ఒకరు రాసుకుంటే తువ్వాళ్లు, దిండు గలీబుల ద్వారా, ఆవిరి ద్వారా ఇంట్లో పసిపిల్లలకు కూడా చేరుతుంది.

మన కాస్మెటిక్స్ నియమాలు 2020 ప్రకారం పాదరసాన్ని కావాలని కలపకూడదు. మలినంగా చేరినా, కంటి అలంకరణ సామగ్రి తప్ప మిగతావాటిలో 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) దాటకూడదు. ప్రపంచవ్యాప్తంగా పట్టుబడిన డబ్బాల్లో వేల పీపీఎం దొరికింది. కొనేటప్పుడు చూడాల్సినవి: దిగుమతి సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా, పదార్థాల జాబితా. ఇవి లేకపోతే అక్కడితో వదిలేయండి. జాబితాలో కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యూరిక్, సినబారిస్ అన్న మాటలుంటే అది పాదరసమే. "వెండి, బంగారు నగలకు తగలనీయకండి" అన్న సూచన ఉంటే అదీ బలమైన గుర్తు. వెలుతురు తగిలి క్రీము బూడిదరంగుకు తిరిగినా అనుమానించండి. వారం రోజుల్లో తెల్లబడతారన్న హామీ ఇస్తే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

నాలుగో రకమైన గ్లూటాథయోన్ ఇంజెక్షన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చర్మం తెల్లబడటానికి దీనికి మన దేశంలో అనుమతి లేదు, తెల్లబరుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, నరానికి ఎక్కించే ఏ మందుకైనా ఉండే తీవ్ర అలర్జీ ప్రమాదం మాత్రం ఉంది. క్లినిక్ బోర్డు మీద నక్షత్రాలు ఎన్నున్నా వద్దు.

పార్లర్‌లో బ్లీచ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా. ముఖం మీది నూగును బంగారు రంగుకు మారుస్తుంది, చర్మం రంగును కాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, మానాక నల్లమచ్చ మిగులుతుంది. పెద్దవాళ్లు వారానికోసారి నలుగు పెట్టుకోవడంలో తప్పు లేదు, జిడ్డు పోతుంది, రంగు మారదు. ఇక "డీ-ట్యాన్" అన్న మాట నాకు మింగుడుపడదు. మిరప తోటలో, పత్తి చేలో, రోడ్డు పనిలో ఎండలో నిలబడినవాళ్ల ఒంటికి వచ్చిన రంగును మురికిలా కడిగేయాల్సిన వస్తువుగా చూపే మాట అది. ఎండలో పనిచేసేది ఎవరు, నీడలో కూర్చునేది ఎవరు అన్నది మన దగ్గర కులం తేల్చిన విషయం. అందుకే నలుపును చూసి కులం ఊహిస్తారు, కులం తెలిశాక నలుపు వెతుకుతారు. ప్రతి కులంలోనూ అన్ని రంగులవాళ్లూ ఉన్నారన్నది కళ్లెదుటే ఉన్నా ఆ ఊహ చెదరదు.

అయితే ఏం కొనాలి

చర్మం బాగుండాలంటే కావలసినవి తక్కువే. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఎస్‌పీఎఫ్ 15 సుమారు 93 శాతం యూవీబీ (ఎండలో చర్మాన్ని కమిలించే) కిరణాలను, 30 సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, కాబట్టి 100 కోసం రెట్టింపు ధర పెట్టక్కర్లేదు. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, మట్టి రంగు టింట్ ఉన్న సన్‌స్క్రీన్ తీసుకోవాలి, ఎందుకంటే ముదురు చర్మంలో మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్‌కు ఆ వెలుతురును ఆపే శక్తి లేదు.

ఇక్కడా రంగు వివక్ష ఉంది. జింక్, టైటానియం సన్‌స్క్రీన్లు తెల్లటి ముఖాల మీద మాయమైపోతాయి, నల్లటి ముఖం మీద బూడిద పూసినట్టు కనిపిస్తాయి. షాపులో టింట్ అడిగితే ఒకే లేత షేడ్ చూపిస్తారు. దవడ మీద కొంచెం రాసి, పగటి వెలుతురులోకి వచ్చి చూసి, కలవకపోతే తిరిగి ఇచ్చేయండి. మీ షేడ్ లేదని షాపువాళ్లతో పైకి చెప్పండి, తెప్పించమని అడగండి. వస్తువును ఎవరి ఒంటి మీద పరీక్షించారన్నది అందంతో ఆగే విషయం కాదు. కోవిడ్ కాలంలో ప్రతి ఇంట్లోకీ వచ్చిన పల్స్ ఆక్సీమీటరు నల్లటి చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపే అవకాశం ఉందని 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆయాసం ఉన్నా అంకె బాగుందని ఊరుకోకూడదన్నది మనకూ వర్తించే జాగ్రత్త.

క్రీము కొననక్కర్లేనివాళ్ల వంతు

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ నల్లటివాళ్ల మీదే పడ్డాయి. అది న్యాయం కాదు. గిరాకీని తగ్గించగలిగింది తెల్లగా ఉన్నవాళ్లూ, సంబంధాలు చూసే పెద్దలూ, ఉద్యోగమిచ్చేవాళ్లూ.

పెళ్లి బయోడేటాలో "రంగు" అన్న గడి ఉంటుంది. ఎరుపు అని రాయగలిగిన ఇంటివాళ్లే ముందుగా దాన్ని తీసేయాలి. నల్లటి అమ్మాయి తీసేస్తే దాస్తోందంటారు, తెల్లటి అమ్మాయి తీసేస్తే ఆ గడికి విలువ పోతుంది. అబ్బాయి తరఫువాళ్లు మధ్యవర్తితో "రంగు గురించి మాకు చెప్పొద్దు" అని మొదటి ఫోన్‌లోనే అనాలి, ఫొటో చూశాక కాదు.

ఫొటో స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోకైనా, పెళ్లి ఆల్బమ్‌కైనా అడగకుండానే రెండు షేడ్లు తెల్లబరుస్తారు. ఆర్డరు ఇచ్చేటప్పుడే "స్కిన్ టోన్ మార్చొద్దు, లైటింగ్ మాత్రమే సరిచేయండి" అని చీటీ మీద రాయించండి. ఆల్బమ్ మొత్తం ప్రింటుకు వెళ్లకముందు నాలుగు పేజీల నమూనా అడగండి. పెళ్లి మేకప్ కుదుర్చుకునేటప్పుడు మెడ, చేతుల రంగుకు కలిసే ఫౌండేషన్ ఉందో లేదో ముందే పరీక్షించమనాలి. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగుగా పెళ్లి పీటల మీద కూర్చోబెట్టడం పెళ్లికూతురి తప్పు కాదు.

బడి వార్షికోత్సవంలో స్వాగత నృత్యం ముందు వరుసకు, పూలగుత్తి ఇచ్చే పనికి ఎవరిని ఎంచుతున్నారో, రాక్షసుల వేషాలు ఎవరికి పోతున్నాయో ఒక్కసారి ఫొటోలు తీసి చూసుకోవచ్చు. టీచర్లు చీట్లు వేసి పాత్రలు పంచితే ఖర్చు లేదు. రిసెప్షన్, సేల్స్ ఉద్యోగాల ప్రకటనలో "చూడచక్కని" అన్న మాట తీసేసి, కావలసిన భాషలు, పని వేళలు, అనుభవం రాస్తే సరిపోతుంది.

అందరికంటే ముందు ఈ కొలత మొదలయ్యేది పురిటి మంచం దగ్గర. "ఎవరి రంగు వచ్చింది?" అని అడిగి, చెవి అంచులు చూసి జోస్యం చెబుతారు. గర్భిణికి కుంకుమపువ్వు పాలు తాగించినందుకు ఫలితం వెతుకుతారు. ఆ పాలతో బిడ్డ రంగు మారదు. పుట్టిన పది రోజులకే సున్నిపిండితో రుద్దుతారు. పసిబిడ్డ చర్మం పెద్దవాళ్ల చర్మం కంటే పలచన. గరుకు పిండి దాని మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది, పొడిబారుస్తుంది, మడతల్లో మిగిలిన పిండి ఒరిపిడికి పొక్కులు తెస్తుంది. గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లల కోసం చేసిన తేలికపాటి సబ్బు కొంచెం, స్నానం కాగానే కొబ్బరినూనె చాలు. పుట్టినప్పుడు ఎర్రగా ఉన్న బిడ్డ కొన్ని నెలల్లో తన రంగుకు వస్తే బాలింతరాలిని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. నలుగు తక్కువైనందుకు వచ్చిన మార్పు కాదది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీ అప్పుడే పూర్తిస్థాయికి చేరుతుంది.